హవాయి చెప్పు కప్ప

కొర్రమట్ట రబ్బరు ముక్కను ఎందుకు పట్టుకుంటుంది? దానికి వాసన లేదు, రుచి లేదు, ప్రాణం అసలే లేదు. పోనీ, కొర్రమట్ట ఏమన్నా అమాయకపు చేపా అంటే అదీ కాదు. కట్ట మీద మనిషి తల కనిపిస్తే చాలు, బుడుంగున అడుగుకు పోతుంది. వలలో పడితే ఎగిరి అవతలికి దూకుతుంది. చెరువు ఎండిపోతే బురదలో దూరి వానల దాకా బతికి ఉంటుంది. అంత గట్టి పిండం వచ్చి వచ్చి నేను కత్తిపీట మీద కోసిన చెప్పు ముక్కను కరుచుకుంటుందంటే నాకు అన్నం సయించేది కాదు. నవ్వేవాళ్లు నవ్వండి. కొందరికి దేవుడున్నాడా లేడా అని ఆరాటం ఉంటుంది. నాకు ఇది.

ఈ ఆరాటం మొదలైంది అరవై తొమ్మిదిలో, తెలంగాణ కొట్లాటప్పుడు. మాది రేగొండ దగ్గరి ఊరు. బడికి తాళం పడింది. పెద్ద క్లాసుల మగపిల్లలు జెండాలు పట్టుకొని రోడ్డెక్కారు. మాలాంటి ఆడపిల్లలను ఇల్లు, పొలం దాటి పోనీయలేదు. మొదట్లో సెలవులని సంబరపడ్డాను. ఆ సెలవులు తరిగితేనా! చదివిన పుస్తకాలే చదివి, పల్లీలు వొలిచి వొలిచి, చివరికి గోడ మీద బల్లులతో మాట్లాడే దాకా వచ్చాను. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. మా అవ్వ రోజుకొకసారి గాల్లోకి దండం పెట్టేది. "బడి తెరువుండ్రి నాయినా, గీ పోరితోని నేను ఏగలేకపోతున్న" అని.

బాపుది వ్యవసాయం. పొద్దు వాలితే మాత్రం గాలం భుజాన వేసుకొని చెరువుకు పోయేవాడు. చేపలు పట్టి బతికేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు వలలున్నాయి, చెరువు మీద హక్కుంది. బాపుది ఉత్త సరదా కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. దొరికితే కూర, దొరకకపోతే కట్ట మీద నలుగురితో ముచ్చట. ఆయనకు కావలసింది కొర్రమట్ట ఒక్కటే. దానికి ఎర కప్ప. బతికున్న చిన్న కప్పను కొక్కేనికి గుచ్చి, పొడుగాటి వెదురు కర్రతో తామరాకుల మీద ఎగిరెగిరి పడేటట్టు ఆడించాలి. కింద పొంచి ఉన్న చేప దాన్ని అందుకుంటుంది.

ఆ కప్పల్ని బాపు పొద్దున్నే పొలం గట్ల మీద పట్టి, చెంబులో వేసి, పైన గుడ్డ కట్టి, చల్లగా ఉంటుందని వంటింటి మూలన పెట్టేవాడు. ఒకనాడు ఆ గుడ్డ ఊడింది. అవ్వ అంబలి కుండ మూత తీయగానే వెనక నుంచి ఒక కప్ప ఎగిరి ఆమె భుజమ్మీద కూర్చుంది.

"గీ ఇంట్ల నేనన్న ఉండాలె, కప్పలన్న ఉండాలె!" అని అవ్వ గరిటె విసిరింది.

"కప్ప లేకుంటె కొర్రమట్ట ఎట్ల పడ్తదే?" అన్నాడు బాపు, గరిటె తప్పించుకొని.

"ఉత్తుత్తి కప్పను పెట్టు. గంత తెలివిగల్ల చాపకు జర నీ తెలివి సుత చూపెట్టు!"

అవ్వ ఎగతాళికి అన్న మాట అది. నాకు మాత్రం చెవిలో జోరీగ దూరినట్టయింది. నిజంగానే ఉత్తుత్తి కప్పను పెడితే ఏమవుతుంది?

ఇక ఇల్లంతా వెతుకులాట. నీళ్ల మీద తేలాలి, మెత్తగా ఉండాలి, నానినా చెడిపోకూడదు. జీలుగ బెండు చూశాను, వేలితో నొక్కితేనే పొడి అయింది. గుడ్డతో కుట్టి చూశాను, మునిగింది. వంకాయ తొడిమను కూడా బకెట్లో వేసి చూశాను, అది తేలింది గానీ రెండో రోజుకు కుళ్లి కంపు కొట్టింది. చివరికి నా చూపు దర్వాజ దగ్గర విడిచిన బాపు హవాయి చెప్పుల మీద పడింది. రబ్బరు! తేలుతుంది. నొక్కితే కప్ప పొట్టలాగే లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. ఇక ఆగుతానా? కత్తిపీట ముందు కూర్చొని మడమ దగ్గర బొటనవేలంత ముక్క కోశాను. ముందు సన్నం, వెనక వెడల్పు. పాత సైకిలు ట్యూబు చీలికలు కాళ్లయ్యాయి. గురిగింజలు కళ్లయ్యాయి, తుమ్మబంకతో అతికించాను.

సాయంత్రం బాపు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఒక మడమ నేలకు తగిలింది. ఆ తర్వాత నా వీపు విమానం మోత మోగింది.

కానీ బాపు ఎలాంటి మనిషంటే, కొట్టిన చేత్తోనే ఆ కప్పను తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "కండ్లు మంచిగ పెట్టినవే" అన్నాడు. అవ్వ వద్దన్నకొద్దీ దాన్నే గాలానికి కట్టుకొని పోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో మూరెడు కొర్రమట్ట వేలాడుతోంది. కప్పకు మాత్రం రెండు కళ్లూ లేవు. తుమ్మబంక నీళ్లలో కరిగిపోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. అంటే ఆ చేప గుడ్డి కప్పను పట్టుకుందన్నమాట!

నేను ఎదురు పరుగెత్తాను. "ఎట్ల పట్టింది బాపు?"

"నోటితోని."

"గట్ల కాదు! కిందికెల్లి అచ్చిందా, పక్కకెల్లి అచ్చిందా? ఎగిరి పట్టిందా, మెల్లగ పట్టిందా?"

"నాకేం ఎరుకనే? అది గుంజింది, నేను గుంజిన."

"నువ్వు చూడలేదా?"

"మీ పెదనాయినతోని మాట్లాడుతున్న."

అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పను చేసింది నేను, తన్నులు తిన్నది నేను, తీరా ఆ చేప పైకి వచ్చే క్షణానికి ఈయన పెదనాయినతో యూరియా సంగతి మాట్లాడుతున్నాడట! "రేపు నన్ను తీస్కపో, నేను చూస్త" అన్నాను. "కట్ట మీద అందరు మొగోళ్లే ఉంటరు, నువ్వు ఎదుగుతున్న పిల్లవు" అని లోపలి నుంచి అవ్వ అన్నది. బాపు తలూపాడు. ఒక్క మాట మీద ఎన్నడూ నిలవని ఆ మొగుడూ పెళ్లాలు దీనికి మాత్రం ఒక్కటైపోయారు.

చూడనివ్వకపోతే ఊరుకుంటానా? రబ్బరు మీద పళ్ల గాట్లు పడతాయి కదా, వాటినే చదవడం మొదలుపెట్టాను. బాపు తెచ్చిన ప్రతి కప్పనూ మరునాడు ఎండలో పెట్టుకొని పరీక్ష చేసేదాన్ని. గాట్లు సన్నగా సూది పోట్లలా ఉంటాయి. వీపు మీద తక్కువ, పొట్ట మీద ఎక్కువ. అంటే కింది నుంచే వస్తోంది. కాళ్ల దగ్గర ఉంటే వెనక నుంచి తరిమిందని, తల దగ్గర ఉంటే ఎదురొచ్చిందని అనుకునేదాన్ని. ఒకసారి ఒకే ఒక్క వరస కనిపించింది. అంటే పట్టింది, నచ్చలేదు, వదిలేసింది. ఎందుకు నచ్చలేదు? బాపును అడిగితే "ఉప్పు తక్కువైందేమో" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మా ఇంట్లో మాత్రం అడిగేదాన్నే లోకువ చేశారు.

ఆ కోపంతో ఒక మహా అందమైన కప్పను తయారు చేశాను. తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు వీపుకు, పసుపు పొట్టకు, మసితో చుక్కలు. కళ్లను ఈసారి పంక్చర్లకు పూసే సొల్యూషనుతో అతికించాను. గడప మీద పెడితే అవ్వ నిజం కప్పనుకొని కెవ్వుమన్నది. నేను గర్వంతో ఉబ్బిపోయాను. కొర్రమట్ట మాత్రం దాని ముఖం కూడా చూడలేదు. బాపు ఎన్నిసార్లు వేసినా వట్టి చేతులతోనే వచ్చాడు. విసుగొచ్చి పాత కప్పనే కట్టుకున్నాడు. దానికి రంగు లేదు, కళ్లు లేవు, ఒక కాలు సగానికి తెగింది. దానికి మాత్రం చేప వెంటనే పడింది.

ఇదేం అన్యాయం? నేను పడుకున్నా లేచినా ఇదే ఆలోచన. మా పొలంలో పెద్ద మోటబావి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆడపిల్లలం అందులో ఈత కొట్టేవాళ్లం. ఒకనాడు కప్పలు రెండింటినీ ఓణీ కొంగులో కట్టుకొని పోయి, నీళ్ల మీద వదిలి, ముక్కు మూసుకొని మునిగాను. అడుగుకు దిగి కళ్లు తెరిచి పైకి చూశాను.

పైన గుండ్రంగా వెలుగు. అందులో రెండు నల్లటి మచ్చలు. ఆకుపచ్చ లేదు, పసుపు లేదు, అవ్వను భయపెట్టిన చుక్కలు లేవు. రెండూ నలుపే. తేడా ఒక్కటే: అందమైన కప్ప రాయిలా కదలకుండా ఉంది, కుంటి కప్ప మాత్రం చిన్న అలకు కూడా వంకరగా తిరిగి మళ్లీ సర్దుకుంటోంది. ఊపిరి ఆగిపోతున్నా పైకి రాబుద్ధి కాలేదు. వచ్చాక బావి మెట్టు మీద కూర్చొని దగ్గుతూ నవ్వాను. ఇన్నాళ్లూ నేను కప్పను బాపుకు నచ్చేటట్టు ముస్తాబు చేస్తున్నాను. చేప ఉండేది అటువైపు!

ఆనాటి నుంచి రంగులు మానేశాను. కావాలనే ఒక కాలు పొట్టిగా కట్టేదాన్ని. బోర్లా పడకుండా పొట్టలో చిన్న చెప్పు మేకు దిగ్గొట్టేదాన్ని. కొక్కెం మొనలు ఆకులకు తట్టుకోకుండా వీపుకు అదిమి పెట్టేదాన్ని. చేప నొక్కితేనే రబ్బరు లోపలికి పోయి మొనలు బయటికొస్తాయి. ఇంతవరకూ అన్నీ తెలిశాయి. మొదటి ప్రశ్న మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఆకలికి పట్టుకుంటుందనుకుందామంటే, అవ్వ కోసినప్పుడు చాలాసార్లు దాని కడుపు నిండా చిన్న చేపలుండేవి. కోపానికి అనుకుందామంటే, రబ్బరు ముక్క దాన్నేం చేసింది? పళ్ల గాట్లు చూస్తే ఇది తెలియదు. ఆ చేప వచ్చే క్షణాన్ని కళ్లతో చూడాలి. నాకు ఇంకేమీ వద్దు, ఒక్కసారి చూస్తే చాలు.

బడులు తెరిచారు, చదువు అయినంత వరకు అయింది, పెళ్లి చేశారు. మహబూబాబాదుకు, మేం మానుకోట అంటాం, కాపురానికి వచ్చాను. చీరల పెట్టెలో అడుగున కప్పల్ని దాచి తెచ్చుకున్నాను. అత్తగారింటికి కప్పల్ని తీసుకుపోయిన పెళ్లికూతురిని నేనొక్కదాన్నేనేమో. మా ఆయనకు టౌన్లో ఆఫీసు ఉద్యోగం, నీళ్లంటే స్నానానికి తప్ప ఇంకో పని ఉందని ఆయనకు తెలియదు. కానీ నా అదృష్టమో ఏమో, మా మామకు గాలం పిచ్చి.

మామ జనగామలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నెల్లికుదురు దగ్గర మా పొలం, పొలం పక్కన సొంత కుంట ఉన్నాయి. పొలం చూసొస్తానని ఆదివారం ఆదివారం పోయేవాడు. ఏ పొలం? గాలం వేయడానికే. ఎరకు బదులు కట్టడానికి హైదరాబాదు నుంచి తెప్పించుకున్న మెరిసే రేకులు ఒక డబ్బా నిండా ఉండేవి, చెంచా ఆకారంలో, నీళ్లలో గిరగిర తిరిగేవి. అవి ఆకుల్లో చిక్కుకునేవి, ఈయన కుంటలోకి దిగి విడిపించుకొని తడిసిన ధోవతితో ఇంటికొచ్చేవాడు.

"చాపలు మీ మామను చూసి దండం పెడుతున్నయట గద, అడుగు" అనేది అత్తమ్మ. ఆమె మామతో సూటిగా మాట్లాడదు. ఎదురుగా కూర్చున్నా సరే, 'మీ మామకు చెప్పు' అని నా మీదుగానే పంపుతుంది. పాతకాలపు మర్యాద అది. ఆ మర్యాదతోనే మనిషిని కడిగి ఆరేసేది.

ఒకనాడు మామ డబ్బాలోంచి ఎర్రగా మెరిసే రేకు తీసి "ఇయ్యాల దీంతోని పడ్తది" అన్నాడు. కొత్త కోడలిని, నోరు మూసుకొని ఉండాల్సింది. నా నోరు నా మాట వింటేనా?

"మామా, కిందికెల్లి చూస్తె అది సుత నల్లగనే కనవడ్తది" అన్నాను.

మామ తలెత్తాడు. "నువ్వు కిందికెల్లి ఎప్పుడు చూసినవ్ బిడ్డా?"

"బావిల మునిగి."

అత్తమ్మ చేటలోని బియ్యం కింద పడ్డాయి. మామ మాత్రం పొట్ట పట్టుకొని నవ్వాడు. నేను లోపలికి పోయి పెట్టె అడుగు నుంచి కుంటి కప్పను తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆ ఆదివారం మామ చేపతో వచ్చాడు. నేరుగా వంటింటి గడప దాకా వచ్చి, "బిడ్డా, నీ కప్పకు దండం" అన్నాడు.

నేను నా పాత ప్రశ్నలన్నీ అడిగాను. ఎట్లొచ్చింది, ఎటు నుంచి వచ్చింది, ఆగిందా, ఆగకుండా పట్టిందా? మామ చేపను గడప మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె? చాప సంగతి తర్వాత, నాకు కప్పనే కనవడ్తలేదు. కండ్లల్ల పొర అచ్చింది. దవాఖానల చూపిస్తే, ఇంక ముదరాలె, అప్పుడు తీస్తమన్నరు. ఇయ్యాల చేతికి తగిలితే గుంజిన, గంతే. మీ అత్తకు చెప్పకు, పరేషాన్ అయితది."

కొర్రమట్ట పట్టగానే గుంజకూడదు. అది కప్పతో కిందికి దిగి నోట్లో సర్దుకునే దాకా ఆగాలి. తొందరపడితే కప్ప ఒక్కటే బయటికొస్తుంది. ఆ సమయం కంటికే తెలుస్తుంది, చేతికి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే మామ అన్నాడు: "నువ్వు రా. నువ్వు చూసి చెప్పు, నేను గుంజుత."

చిన్నప్పటి నుంచి నేను కోరుకున్న వరం అడగకుండానే దొరికింది.

అత్తమ్మ ఒప్పుకుంటుందా? "ఆడమనిషి నీడ నీళ్లల్ల పడితె గాలానికి చాప రాదు. మా అత్త చెప్పింది, ఆమెకు ఆమె అత్త చెప్పింది" అన్నది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి. అయినా మామ బతిమిలాడి, పొలానికి కోడలు తోడొస్తుందని పేరు పెట్టి నన్ను తీసుకుపోయాడు. ఆనాడు చేప పడలేదు. తర్వాతి ఆదివారమూ పడలేదు. ఆ తర్వాతా అంతే. నడి ఎండాకాలం అది, నీళ్లు తగ్గిపోయి చేపలు తూము దగ్గరి గుంతలో చేరతాయని నేను చెబుతూనే ఉన్నాను. మామకు అలవాటైన చోటు విడవాలనిపించలేదు. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడపలో నిలబడి "చెప్పిన గాదా" అనేది. ఆ ఒక్క మాటే, రోజంతా అదే.

చివరికి మామకు కూడా అనుమానం పుట్టింది. ఒకసారి గాలం వేయబోతూ ఆగి, "బిడ్డా, జర ఎనుకకు కూసో, నీ నీడ పడ్తాంది" అన్నాడు. నా మనసు చివుక్కుమంది. వెనక్కి జరిగాను. అక్కడి నుంచి నాకు కప్ప కనిపించదు, నీళ్లూ కనిపించవు, మామ వీపు ఒక్కటే కనిపిస్తుంది. ఇంత దూరం వచ్చి వీపు చూడడానికా?

అప్పుడు మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మా దిక్కు మిరుగం అంటాం. ఆ రోజు చేప తినాల్సిందే, తిననివాళ్లు ఇంగువ బెల్లం ఉండ మింగాల్సిందే. లేకపోతే వానాకాలమంతా రోగాలని పెద్దల నమ్మకం. దానికి ముందు రోజు అత్తమ్మ పంచాయితీ తీర్పు చెప్పింది.

"మీ మామకు చెప్పు. మిరుగం నాడు కోడల్ని తోల్కపొమ్మను. చాప తెస్తే ఇగ నేను నోరు తెరువ. తేకుంటె ఈ పిల్ల మల్ల ఆ కట్ట ఎక్కద్దు. ఇగ గంతే."

"సరేనని చెప్పు" అన్నాడు మామ, ఆయన కూడా నాకే.

"నేను సుత అస్త. మార్కెట్ల కొనుక్కచ్చి కుంటలది అంటే నాకెట్ల ఎరుక?"

మామకు హుషారొచ్చింది. "అల్లం ఎల్లిపాయ నూరి పెట్టమను" అన్నాడు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నది అత్తమ్మ. అని, రోలు ముందు కూర్చొని నూరింది.

నాకు ఆ రాత్రి సరిగా నిద్ర లేదు. చేప పడకపోతే ఇక నా చూపు వంటింటికే. ఎన్ని కప్పలు చేసినా, ఎవరో పట్టుకుపోతారు, ఎవరో తెస్తారు, నేను గాట్లు చూసుకుంటూ కూర్చోవాలి. నాకు చేప మీద ఆశ లేదు. చూడడం ఆగిపోతుందేమోనని భయం.

పొద్దున్నే బస్సెక్కి నెల్లికుదురులో దిగి కుంటకు నడిచాం. మబ్బులు తేలుతున్నాయి గానీ వాన లేదు, ఎండ కాస్తూనే ఉంది. నీళ్లు నేననుకున్నట్టే తూము గుంత దగ్గరికి కుంచించుకుపోయాయి, అక్కడక్కడ తామరాకులు. ఈసారి మామ నా మాట విని అక్కడికే వచ్చాడు. అత్తమ్మ గొడుగు వేసుకొని, చేపకని తెచ్చిన సంచి ఒళ్లో పెట్టుకొని, జడ్జీలాగా కట్ట మీద కూర్చుంది. నేను వెనక కూర్చోలేదు. నీడ పడితే పడనీ అనుకొని తూము రాయి అంచుకు పోయి కూర్చున్నాను. మామ కూడా వెనక్కి జరగమనలేదు.

కప్ప టప్పున ఆకు మీద పడింది.

"ఆకు మీదున్నది మామా. ఇగ జర గుంజు. నీళ్లల్ల దిగింది. ఆగు."

చాలాసేపు ఇట్లాగే గడిచింది. వెనక నుంచి అత్తమ్మ సణుగుడు వినిపిస్తూనే ఉంది. చీమలు కుడుతున్నాయట, నడుము పట్టిందట. "నీళ్లల్ల ఏమున్నదని గింతగనం చూస్తరు?" అన్నది. కొంతసేపటికి సణుగుడు ఆగిపోయింది. నిద్ర పట్టిందేమో అనుకున్నాను.

"అదేందే? గాలి లేకుంట ఆ ఆకు ఎందుకు లేస్తాంది?" అన్నది అత్తమ్మ.

అటు చూశాను. అవతలి తామరాకు అంచు లేచి మళ్లీ పడింది. అక్కడి నుంచి నీళ్ల మీద సన్నటి గీత ఒకటి బయల్దేరింది. నేననుకున్నట్టు అది బాణంలా రాలేదు. మెల్లగా వచ్చింది. కప్పకు జానెడు దూరంలో ఆగింది. అక్కడ నీళ్లు తేటగా ఉన్నాయి, మొత్తం కనిపించింది. నల్లటి ఒళ్లు, మనిషి ముంజేయంత లావు. రెక్కలు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి. కప్పను చూస్తోంది. ముందుకొచ్చి మూతి దాదాపు ఆనించి, వెనక్కి జరిగింది. ఇటు పక్కకు వచ్చి చూసింది, అటు పక్కకు పోయి చూసింది. మళ్లీ కిందికి దిగి అక్కడి నుంచి చూసింది.

దానికి ఆకలి లేదు. కోపమూ లేదు. ఇదేమిటో తెలుసుకోవాలని ఉంది, అంతే. చేతులు లేని ప్రాణి, తెలుసుకోవాలంటే పాపం ఇంకేం చేస్తుంది?

నోరు తెరిచింది. లోపల తెల్లగా ఉంది. నీళ్లు గుబుక్కున లోపలికి కుంగాయి, కప్ప లేదు.

"పట్టిందా బిడ్డా? గుంజనా?" అన్నాడు మామ.

నాకు వినిపించింది. నోరు పెగల్లేదు. అది కప్పతో మెల్లగా కిందికి దిగుతోంది, దవడలు ఆడుతున్నాయి. ఒళ్లు మరిచిపోయి అట్లాగే చూస్తున్నాను.

"గుంజనా? చెప్పవేందే?"

అప్పటికి దవడలు ఆగాయి. దానికి తెలిసిపోయింది. నోరు తెరిచి కప్పను ఊసేసింది. అదే సమయానికి మామ ఓపిక పట్టలేక గట్టిగా గుంజాడు. కప్ప ఒక్కటే గాల్లోకి లేచి, కాళ్లు ఊపుకుంటూ వచ్చి కట్ట మీద పడింది. గుంతలో అలలు మిగిలాయి, అవీ తగ్గిపోయాయి.

మామ కర్ర కింద పెట్టి దారం పట్టుకున్నాడు. గడ్డిలో చేత్తో తడుముతూ కప్ప కోసం వెతుక్కుంటున్నాడు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కళ్లుగా వచ్చినదాన్ని, నా కళ్లు నాకే వాడుకున్నాను. చూడాలనుకున్నది చూశాను, ఇక ఎన్నడూ చూడను. కొంగుతో ముఖం తుడుచుకుంటూ అత్తమ్మ 'చెప్పిన గాదా' కోసం ఎదురుచూశాను.

ఆ మాట రాలేదు. వెనక్కి తిరిగితే గొడుగు గడ్డిలో పడి ఉంది. అత్తమ్మ లేచి నిలబడి నీళ్లనే చూస్తోంది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని మెల్లగా తూము రాయి దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె నీడ, నా నీడ గుంత మధ్యలో పడ్డాయి.

"ఎట్ల చూసిందే అది! మనిషి చూసినట్టు చూసింది" అన్నది.

నేను తలూపాను.

"ఈ ఇంటికి అచ్చినకాన్నుంచి బూడిద పెట్టి రుద్ది పొలుసు గీకుతున్న. మీ మామ ఎన్ని తెచ్చిండో. ఒక్కటి సుత బతికుండంగ చూడలే. దానికి గిట్ల తెలివి, ఇగురముంటదని ఎవలు చెప్పిండ్రు నాకు?"

మామకు కప్ప దొరికింది. దాన్ని చేత్తో తుడుస్తూ, ఏం చేయాలో తెలియక మా వైపు తిరిగి నిలబడ్డాడు. అత్తమ్మ ఖాళీ సంచిని మడిచి కింద వేసుకొని దాని మీద సరిగ్గా సర్దుకొని కూర్చుంది. చూపు మాత్రం నీళ్ల మీది నుంచి తిప్పలేదు.

"మీ మామకు చెప్పు, మల్ల ఎయ్యమను" అన్నది. "ఈ తాప గుంజద్దను."